కొట్టని తోడేలు

నందికొట్కూరులో పాత చర్చి వెనక వీధిలో కృపమణి ఇల్లెక్కడ అని అడిగితే చెప్పేవాళ్ళు చెబుతారు. "ఏంటికి కృపమణి" ఇల్లెక్కడ అని అడిగితే మాత్రం చిన్నపిల్లలు కూడా వెంటబెట్టుకుని తీసుకెళ్తారు. ఆ పేరు ఆమెకు సండేస్కూల్లో పడింది. ఉపదేశిగారు నోవహు ఓడ కథ చెబుతుంటే లేచి నిలబడి, "ఓడలో సింహానికి ఏం పెట్టినారయ్యా? మేకను పెట్టింటే మేకలు మిగలవు కదా. మరి ఏంటికి మిగిలినాయి?" అని అడిగిందట. ఉపదేశిగారు కాసేపు గడ్డం గోక్కుని, ప్రార్థన చేయించి, ఆ రోజుకు పిల్లలను ముందుగానే ఇళ్ళకు పంపేశాడు.

పెళ్ళయ్యాకా ఆ గుణం పోలేదు. భర్త యేసుప్రసాద్ బేల్దారి మేస్త్రి. కోసిగి వైపు నుంచి కూలికి వచ్చి, ఇక్కడి చర్చికి ప్రహరీ కడుతూ కడుతూ ఈ ఊరి అల్లుడైపోయిన మనిషి. ఇప్పటికీ డబ్బును దుడ్లు అనే అంటాడు. పెళ్ళయిన కొత్తలో గోడ సమంగా ఉందో లేదో చూసే అతని రసమట్టంలో బుడగ ఎందుకు కదులుతుందో చూడాలని ఆమె దాన్ని రాయితో పగలగొట్టింది. అతను తిట్టలేదు. ముక్కలు ఏరుతూ, "చూసినావా? ఏముండాది లోపల?" అని మాత్రం అడిగాడు. "ఏవో పచ్చనీళ్ళు" అందామె. "ఇంగ చాలు కదా" అని అతను కొత్తది కొనుక్కోవడానికి బజారుకు పోయాడు.

ఆ తర్వాత కృపమణి ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరింది. తల నెరిసినా అక్కడే. పిల్లలకు ఆమె వంటా ఇష్టమే, ఆమె అడిగే ప్రశ్నలూ ఇష్టమే. పప్పు వడ్డిస్తూ "చంద్రుడు మన వెంబడే ఏంటికి వస్తాడే?" అని అడిగితే, సైన్సు పుస్తకం తెచ్చి అక్కడే తిరగేసేవాళ్ళు.

ఎండాకాలం వచ్చిందంటే హాస్టలు మూత. ఆ సంవత్సరం ఎండలు మరీ దారుణంగా ఉన్నాయి. మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కనపడేది కాదు. ఇంట్లో ఉన్నది కృపమణి, కూతురు నిస్సీ. నిస్సీ బెంగుళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. ఎవరెవరో సరుకు రాలేదనో, పాడైందనో రాస్తే వాళ్ళకు జవాబులు రాయడం ఆమె ఉద్యోగం. ఒక మధ్యాహ్నం పని లేని వేళ నిస్సీ ఫోన్లో జాగా చాలక, పాతవన్నీ ఒక్కొక్కటే తీసేస్తోంది. పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న కృపమణికి తెర మీద మంచులో నిలబడ్డ ఒక తెల్లటి తోడేలు కనిపించింది.

"ఏందే అది?"

"పాత ఆట మా. కార్డులాట. తీసేస్తాండా."

"ఏంటికి తీసేస్తాండావు?"

నిస్సీ నిట్టూర్చింది. ఆ మాట అమ్మ నోట వచ్చిందంటే ఇక జవాబు చెప్పేదాకా వదలదని ఆ పిల్లకు తెలుసు.

"ఈ కార్డులు నావే మా. కరోనా అప్పుడు కొన్నా."

"కొన్నావా? బొమ్మల్నా? ఏవీ, యాడ పెట్టినావు?"

"యాడా లేవు. ఫోన్లోనే. కానీ నావే." ఎలా చెప్పాలో నిస్సీకి కాసేపు తోచలేదు. "మన చర్చిలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు కదా. ఫలానా అబ్బాయికి ఫలానా అమ్మాయి అని అందరూ ఇంటారు. తర్వాత ఎవడన్నా వచ్చి అట్ల కాదంటే చెల్తాదా?"

"ఎట్ల చెల్తాది? అంతమంది ఇన్నారు కదా."

"ఇదీ అంతే. ఈ తోడేలు నిస్సీది అని వేల కంప్యూటర్లు ఇని గుర్తు పెట్టుకున్నాయి. రేపు నేను ఇంకొకరికి అమ్మితే అదీ ఇంటాయి. ఏ ఒక్కరో చెరిపేస్తే చెరిగిపోయేది కాదు. బ్లాక్‌చెయిన్ అంటారు దీన్ని."

"బాగుండాదే! మరి ఇంక ఏంటికి తీసేస్తాండావు?"

"కొన్నప్పటి ధర ఇప్పుడు లేదు మా. అడిగే దిక్కు లేదు. చూస్తే కడుపు మండుతాది, అంతే."

కృపమణి చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. కార్డు అన్న మాటే ఆమె పుట్టింట్లో వినపడకూడని మాట. ఆమె తండ్రి దావీదురాజు చర్చి పెద్ద. ఒకసారి ఆమె తమ్ముడు ఏదో పెళ్ళిలో దొరికిన పేక తెస్తే, తండ్రి మాట్లాడకుండా దాన్ని పొయ్యిలో పెట్టాడు. రాజులూ రాణులూ మెలికలు తిరిగి కాలుతుంటే, "ఏంటికి కాలుస్తాండావు నాయనా, బొమ్మలు బాగుండాయి కదా" అన్నందుకు కృపమణికి చెంపదెబ్బ పడింది. అప్పటి నుంచి ఆమె చేత్తో పేకముక్క ముట్టింది లేదు. వాటితో ఏం చేస్తారో తెలుసుకోవాలన్న ఆశ మాత్రం ఆ దెబ్బతో పోలేదు.

"దుడ్లు పెట్టకుండా ఆడేదానికి కాదా ఇది?" మొగుడి మాటే ఆమె నోటికి వచ్చింది.

"ఆడొచ్చు. ప్రాక్టీస్ మోడ్ అని ఒకటుండాది. అది ఊరికే. మనం కార్డులు కొనే పని లేదు, వాళ్ళవే ఆడేదానికి ఇస్తారు. అవతల ఆడేది కంప్యూటరు. గెలిస్తే ఏమీ రాదు, ఓడితే ఏమీ పోదు."

"అయితే నాకు చూపియ్యి."

నిస్సీ నవ్వుతూనే నేర్పింది. ఇద్దరు ఆటగాళ్ళు. ఒక్కొక్కరికి ఇరవై ప్రాణాలు. చేతిలో కొన్ని కార్డులు. ప్రతి వంతుకూ కొంచెం శక్తి వస్తుంది, వంతు వంతుకూ అది పెరుగుతుంది. పెద్ద మృగాన్ని దింపాలంటే ఎక్కువ శక్తి కావాలి. దింపిన మృగాలు అవతలివాడిని కొడతాయి, లేదా వాడి మృగాలతో తలపడతాయి. ఎవడి ప్రాణాలు ముందు అయిపోతే వాడు ఓడినట్టు. కృపమణికి ఇది వింత అనిపించలేదు. మూడు పొయ్యిలు, ఒక సిలిండరు, వందమంది పిల్లలు. ముందు దేన్ని పొయ్యి మీద పెట్టాలి, దేన్ని ఆపాలి అన్నది ఆమె రోజూ తేల్చుకునే సంగతే.

మొదటి ఆట గెలిచింది. రెండోదీ గెలిచింది. మూడో ఆట గెలిచేసరికి వంటింట్లో పప్పు మాడిన వాసన వచ్చింది. పనికిపోయి వచ్చిన యేసుప్రసాద్ కంచం ముందు కూర్చుని, మాడిన పప్పు నోట్లో పెట్టుకుని, భార్య ముఖం చూశాడు. ఆ ముఖం వెలిగిపోతోంది.

"ఏమ్మే, ఏదన్నా పగలగొట్టినావా?" అన్నాడు.

మరుసటి రోజు నుంచి ఆమెకు కొత్త అనుమానం పట్టుకుంది.

"నిస్సీ, నా చేతిలో కార్డులు ఆ కంప్యూటరుకు అగుపడవా?"

"అగుపడవు మా."

"నీకెట్ల తెలుసు? కార్డులు ఇచ్చింది అదే కదా. ఇచ్చినోనికి ఏమిచ్చినాడో తెలీదా?"

అది నిస్సీ ఎన్నో రోజులు ఆడిన ఆట. ఆ ప్రశ్న తనకెన్నడూ రాలేదు.

తల్లీకూతుళ్ళు ఒక పరీక్ష పెట్టారు. ఆటలో పిడుగు అనే కార్డు ఒకటుంది. వేస్తే అవతలివాడి మృగాలన్నీ ఒక్కసారే పోతాయి. కృపమణి ఆ కార్డు వచ్చినప్పుడల్లా వేయకుండా చేతిలోనే దాచుకునేది. అవతలివాడు తొంగి చూస్తున్నట్టయితే పిడుగుకు భయపడి మృగాలను దింపడు. చూడకపోతే ధైర్యంగా అన్నిటినీ దింపుతాడు. ఇదీ లెక్క. కంప్యూటరు చాలాసార్లు అన్నిటినీ తెచ్చి వరసగా నిలబెట్టేది. అప్పుడప్పుడు మాత్రం ఒకటి దింపి ఊరుకునేది. ఆమెకు ఎటూ తేలలేదు. తేలకపోవడం ఆమెకు ఆట గెలవడం కన్నా ఎక్కువ రుచిగా ఉంది.

అలా కళ్ళు చిట్లించి చూస్తూ ఉండగానే, తను వెతకనిది ఒకటి ఆమె కంట పడింది. ఆ రోజు ఆట చేజారిపోయింది. ఆమెకు మిగిలినవి రెండే ప్రాణాలు. ఎదురుగా మంచు తోడేలు నిలబడి ఉంది. దాని దెబ్బ మూడు. అడ్డం నిలబడేందుకు ఆమె దగ్గర ఒక్క మృగం లేదు. కృపమణి ఓటమికి సిద్ధపడి కూర్చుంది. తోడేలు ఆమెను కొట్టలేదు. ఒక మూల పనికిరాని నక్కను దింపి, కంప్యూటరు తన వంతు ముగించింది. తర్వాతి వంతులో అవతలివాడికి మిగిలిన కొద్ది ప్రాణాలనూ తీసే మృగం ఒకటి చేతికొచ్చి కృపమణి గెలిచింది.

"గెలిచినావు కదా మా, ముఖం అట్ల పెట్టినావేం?"

"కొట్టింటే నేను అయిపోయేదాన్ని. కొట్టలేదు. ఏంటికి కొట్టలేదు?"

"ఏదో పొరపాటు..."

"మిషను పొరపాటు చేస్తాదా? నన్ను గెలిపించినాడే వాడు! చిన్నపిల్లను ఆడించినట్ల ఆడించినాడు." ఆమె ఫోను పక్కన పెట్టి లేచి నీళ్ళు తాగింది. నిజంగానే చిన్నబోయింది. "అడుగు వాళ్ళని. ఆట చేసినోళ్ళని అడుగు."

కంపెనీలకు రాసేవాళ్ళు ఎలా రాస్తారో నిస్సీకి బాగా తెలుసు. రోజూ అటువైపు కూర్చుని చదివేది తనే కదా. మొదటిసారి ఇటువైపు కూర్చుని, సహాయం అడిగే చోట మర్యాదగా రాసింది: మా అమ్మ మీ ప్రాక్టీస్ మోడ్ ఆడుతోంది. మీ కంప్యూటరు ఆమె చేతిలోని కార్డులు చూస్తుందా? గెలిచే దెబ్బ ఉండి కూడా ఎందుకు కొట్టలేదు?

వారం తిరగకముందే జవాబు వచ్చింది. చేతిలోని కార్డులను కంప్యూటరు చూడదు. కానీ కొత్తగా వచ్చినవాళ్ళు వరసగా ఓడిపోతే విసుగెత్తి వదిలేస్తున్నారని, ప్రాక్టీస్ మోడ్‌లో అది అప్పుడప్పుడు వెనక్కి తగ్గేలా తామే పెట్టామని రాశారు. అది వద్దనుకుంటే కఠినం అన్నది ఎంచుకోవచ్చట. మీ అమ్మగారికి మా నమస్కారాలు అని కూడా చివర్లో ఉంది.

కృపమణి మొదట, "చూసినావా, నేను చెప్పలేదా!" అని చప్పట్లు కొట్టింది. తర్వాత కోపం తెచ్చుకుంది. ఆ కోపంతోనే బియ్యం ఏరుతూ ఏరుతూ మెల్లగా చల్లబడింది.

"నేనూ అదే చేస్తా కదే," అంది కాసేపటికి. "కొత్తగా హాస్టలుకు వచ్చిన పిల్లలు మొదటి వారం ఒకటే ఏడుపు. ఆ వారం పప్పులో కారం తగ్గిస్తా. ఇంటి వంట మాదిరి ఉంటే నిలబడతారని. పెద్దపిల్లలు తిట్టుకుంటారు, ఈ పొద్దు పప్పు సప్పగా ఉండాదని. అయినా చేస్తా."

ఆ ఆదివారం మధ్యాహ్నం యేసుప్రసాద్ గోడవైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు, "ఆ ఊరికే ఆడేది నాకూ ఒకసారి చూపియ్యండి" అన్నాడు. తన ఫోన్లో ఎక్కించుకుని కూర్చున్నాడు. వరసగా రెండు ఆటలు గెలిచాడు. "ఇంతేనా? దీనికి ఇన్ని దినాలు తలలు బద్దలు కొట్టుకుంటాండారా మీరు?" అని మీసం దువ్వాడు. తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. కంపెనీ జవాబు సంగతి అతని చెవిన వేయలేదు. అతను మంచం మీదికి చేరి హాయిగా నిద్రపోయాడు.

కృపమణి మాత్రం కఠినం ఎంచుకుంది. ఓడిపోయింది. మళ్ళీ ఆడింది, మళ్ళీ ఓడింది. ఒక్కొక్క ఓటమి తర్వాత ఎక్కడ తప్పిపోయిందో కూతురికి విడమరిచి చెప్పేది. నిస్సీకీ నెమ్మదిగా పాత సరదా తిరిగొచ్చింది. ఎన్నాళ్ళ నుంచో తన కార్డుల వంక చూడని పిల్ల, వాటిని ఒక్కొక్కటే తెరిచి, "ఇది దింపింటే బతికేదానివి మా" అని చూపించేది.

ఇంతలో వీధిలో మాట పుట్టింది. దావీదురాజు కూతురు ఫోన్లో పేకాట ఆడుతోందట. నీళ్ళ కొళాయి దగ్గర పుట్టిన ఆ మాట స్త్రీల కూడికకు చేరింది. కూడిక నుంచి పాస్టరు జోసెఫ్ అయ్యగారి చెవిన పడింది. ఆయన కడప నుంచి బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు. ఒక సాయంత్రం ఎండ తగ్గాక, గొడుగు ముడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"వందనాలు అయ్యగారూ, రాండి," అని కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ఆయన అడగకముందే కృపమణి ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. "దీని గురించే కదా వచ్చినారు? చూడండి."

జోసెఫ్ అయ్యగారు కొంచెం తడబడ్డాడు. కళ్ళజోడు సర్దుకుని తోడేలును చూశాడు. పిడుగును చూశాడు. "దీంట్లో నువ్వు ఏం పెడతాండావమ్మా?"

"ఏమీ పెట్టను."

"ఏమొస్తాది?"

"ఏమీ రాదు."

"ఏమీ పోదు, ఏమీ రాదు. మరి ఏంటికమ్మా?"

ఆమె బతుకంతా పదిమందిని అడిగిన మాట, మొదటిసారి ఎదురుగా వచ్చి ఆమెనే అడిగింది. లోపల నిస్సీ పకపకా నవ్వింది. కృపమణి మాత్రం నవ్వలేదు. నిజంగానే ఆలోచించింది.

"అవతలిది ఎట్ల ఆలోచిస్తాదో చూద్దామని అయ్యగారూ. నేను పిడుగు దాచుకుంటే అది ఏం చేస్తాదో అని. ఇంతే. వేరే ఏమీ లేదు."

ఆయన మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. "నేను ప్రసంగం శనివారం అద్దం ముందు నిలబడి చెప్పుకుంటాను. నా భార్య నవ్వుతాది. కానీ అది ఆదివారం కోసం, మనుషుల ముందర చెప్పేదానికి. దీని మీదా ప్రాక్టీసు అని రాసుండాది. బాగుంది. మరి నీ ఆదివారం ఎప్పుడు?"



ఆయన లేచి గొడుగు తీసుకున్నాడు. "కూడికలో నేను చెబుతాలే, ఇది జూదం కాదని. కానీ అది దుడ్లు అడిగిన దినం మూసెయ్యి." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "ఆ పిడుగు దాచుకున్నావే, అది వాడికి తెలీదంటావా?"

"తెలీదంట. రాసి పంపినారు."

"ఊఁ," అని తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

నీ ఆదివారం ఎప్పుడు అన్న మాట కృపమణిని వదల్లేదు. రెండు రోజులు ఆట తెరవలేదు. మూడోనాడు కూతురి పక్కన చేరి, "నిజం మనిషితో ఆడాలంటే కార్డులు కొనాల్నా?" అని అడిగింది. కొననక్కర్లేదు. కొత్తవాళ్ళకు ఊరికే ఇచ్చే మామూలు కార్డులు కొన్ని ఉంటాయి. వాటితో ఆడొచ్చు. గెలవడం మాత్రం కష్టం. నిస్సీ తన పేరు మీదే, ఆ ఊరికే వచ్చిన కార్డులతో అమ్మకు ఆటను కలిపింది.

తెర మీద ఒక చక్రం తిరిగింది. తర్వాత ఎవరిదో ఇంగ్లీషు పేరు, పక్కన ఏవో అంకెలు. ఏ దేశమో, ఆడో మగో తెలీదు. మొదటి రెండు వంతులూ ఎప్పటిలాగే సాగాయి. మూడో వంతులో అవతలి నుంచి కదలిక ఆగిపోయింది.

"ఏమాయె? నెట్టు పోయిందా?"

"లేదు మా. ఆలోచిస్తాండారు."

కృపమణి చేయి ఫోను మీద నుంచి వెనక్కి వచ్చింది. "ఆలోచిస్తాండారా?" అంది చిన్న గొంతుతో. "నా గురించేనా?"

కంప్యూటరు ఎన్నడూ అలా ఆగలేదు. ఇది కంప్యూటరు కాదు. ఎక్కడో ఎవరో తన ముందున్న కార్డులను చూస్తూ, ఈ మనిషి చేతిలో ఏముందో అని పెదవి కొరుక్కుంటున్నారు. ఆ ఎక్కడో ఉన్న మనిషికి నందికొట్కూరు తెలీదు, మధ్యాహ్నపు ఎండ తెలీదు, అయినా ఈ క్షణాన ఆమె గురించి తప్ప ఇంకేమీ ఆలోచించడం లేదు. 

తన వంతు వచ్చేసరికి ఆమెకు ఒక ఊహ తట్టింది. చేతిలో పనికొచ్చేది ఏమీ లేదు. అయినా తొందరపడలేదు. తనూ ఆగింది. పిడుగు దాచుకున్నదానిలా, వేయాలా వద్దా అని తూకం వేస్తున్నదానిలా, వంతు దాదాపు అయిపోయేదాకా ఆగి, ఒక చిన్న కుందేలును దింపింది. అవతలివాళ్ళు తమ మృగాలను దింపకుండా వెనక్కి తగ్గారు.

"భయపడినారే!" కృపమణి కూతురి చేయి గట్టిగా పట్టుకుంది. "మిషను భయపడదు. మనిషి భయపడతాడు. చూసినావా?"

ఆ భయం ఎంతోసేపు నిలవలేదు. నాలుగు వంతులకు ఆమె దగ్గర ఏమీ లేదని వాళ్ళు కనిపెట్టారు. మళ్ళీ ఆ మంచు తోడేలే వచ్చింది. ఈసారి అది ఆగలేదు, సూటిగా వచ్చి కొట్టింది. ఆట అయిపోయింది. కృపమణి పైట నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "కొట్టినాడు! మొగోడో ఆడదో గానీ, సరిగ్గా కొట్టినాడు!"

నిస్సీ ఆ ఉత్సాహంలోనే అంది, "నా కార్డులు అన్నీ నీకు పెడతా మా. మంచివి ఉండాయి. వాటితో గెలుస్తావు."

"నీవి నీ దగ్గరే ఉండనీ. ఓడిపోయేదానికి ఊరికే ఇచ్చినవే ఎక్కువ నాకు."

నిస్సీ ఆటను ఫోన్లోంచి తీసేయలేదు. జూన్‌లో హాస్టలు తెరిచారు. కృపమణి మళ్ళీ పొయ్యిల మధ్యకు వెళ్ళింది. వారానికి ఒక్కటే ఆట ఆడేది, ఆదివారం భోజనాలయ్యాక, నిజం మనిషితో. ఓడిన రోజున అవతలివాళ్ళు ఎన్నిసార్లు ఆగి ఆలోచించారో చెప్పి మురిసిపోయేది.

ఆగస్టులో వాన పడిన ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె మొదటిసారి గెలిచింది. అవతలి మనిషి, ఆట ముగియగానే, ఆటగాళ్ళు వీడ్కోలుగా పెట్టే చెయ్యి ఊపే బొమ్మ కూడా పెట్టకుండా మాయమైపోయాడు. యేసుప్రసాద్ గెలిచావు కదా అని మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. ఆమె వాటిని ముట్టకుండా చాలాసేపు ఫోను వైపే చూస్తూ కూర్చుంది.

"బాధపడినాడేమోనే," అంది నిస్సీతో. "ఆ మనిషికి ఒక మాట పంపే దోవ ఏమన్నా ఉండాదా?"

లేదని నిస్సీ చెప్పింది. బజ్జీలు చల్లారిపోతున్నాయని యేసుప్రసాద్ అరుస్తూనే ఉన్నాడు.